నర్సు అమ్మమ్మ జ్ఞాపకాల కోసం వాయిస్ రికార్డర్, కాలర్ మైక్: ఏళ్లు వాడాక సమీక్ష

ఉద్యోగ జీవితమంతా ఆసుపత్రి వార్డుల్లోనే గడిపిన మా అమ్మమ్మ మాటలు దాచుకోవడానికి వాడింది ఇదే: అరచేతిలో పట్టే వాయిస్ రికార్డరు, దానికి తగిలించే కాలర్ మైకు. ఆమె పోయాక కూడా ఆ ఫైళ్లు వింటూ, రాసుకుంటూ ఉన్నాం కాబట్టి కొన్న కొత్తలో తెలియని మంచిచెడ్డలు ఇప్పుడు చెప్పగలను. ఇలాంటి పనికి ఇది మంచి పరికరమే. కానీ కొత్తగా వచ్చినప్పుడు ఉన్న సెట్టింగులతో మాత్రం వాడకండి.

మాట వినబడితేనే రికార్డు చేసే ఆప్షన్‌ను ముందు ఆపేయాలి. పెద్దవాళ్లు ఊపిరి తీసుకోవడానికో, పేరు గుర్తు తెచ్చుకోవడానికో మధ్యలో ఆగుతారు. అప్పుడు మిషన్ కూడా ఆగిపోతుంది, తిరిగి అందుకునేసరికి మొదటి అక్షరం పోతుంది. మందు పేరులో మొదటి అక్షరం పోతే అదేం మందో తర్వాత ఎవరికీ తెలియదు. సౌండు దానంతటదే సర్దుకునే ఆటో లెవెల్ కూడా వద్దు. మనిషి ఆగగానే సౌండు పెంచేసుకుంటుంది, ఫ్యాన్ మోత పైకి లేస్తుంది. లెవెల్ చేత్తోనే పెట్టి, మామూలు గొంతుకు తెర మీది సౌండు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకుంటే నవ్వినా గొంతు పగలదు. ఫైలు సెట్టింగుల్లో వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో (ఒకే చానెల్) చాలు. గంటకు సుమారు 350 ఎంబీ అవుతుంది.

కాలర్ మైకును గడ్డానికి జానెడు కింద పెట్టాలి. గొలుసు గానీ బట్ట మడత గానీ తగిలితే ఆ గరగర తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా పోదు. మైకు పెట్టినా గొంతు మరీ సన్నగా వస్తుంటే మెనూలో ప్లగ్-ఇన్ పవర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలా కాలర్ మైకులకు కరెంటు రికార్డరే ఇవ్వాలి. ఫోన్ల కోసం చేసిన మైకు పిన్ను మీద మూడు గీతలుంటాయి, అది కొన్ని రికార్డర్లలో పనిచేయదు. రెండు గీతల పిన్ను ఉన్నది తీసుకోండి.

అసలు ఫలితం వచ్చేది మాత్రం సెట్టింగుల వల్ల కాదు, అడిగే తీరు వల్ల. "ఉద్యోగం ఎలా ఉండేది?" అంటే "బాగానే ఉండేది" అని ఊరుకునేది. "నైట్ డ్యూటీకి వార్డులో అడుగు పెట్టగానే ముందు ఏం చూసేదానివి అమ్మమ్మా?" అంటే ఇక ఆపడం కష్టం. చేతికో వస్తువు ఇస్తే ఇంకా మేలు. పాత గాజు సిరంజి చేతిలో పెడితే గొట్టం మీదా, పిస్టన్ మీదా ఉన్న నంబర్లు కలుస్తున్నాయో లేదో ముందు చూసింది. ఆ జత ఒకదానికొకటి సరిపోయేలా అరగదీసి ఉంటుంది, వేరే జతలోది పెడితే బిగుసుకుంటుంది, లేదా కారుతుంది. రెంటినీ విడదీసి, గాజుగుడ్డలో చుట్టి, చన్నీళ్లలో పెట్టాకే పొయ్యి వెలిగించాలట. మరిగే నీళ్లలో వేస్తే పగులుతుంది. సూదిని రాయి మీద నూరాక దూదిలోంచి లాగి చూసేవారట, పోగు పట్టుకుంటే మొన వంకర తిరిగినట్టు. ఇవన్నీ చెబుతున్నంతసేపూ ఆమె వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. అందుకే ఆడియోతో పాటు ఎదురుగా స్టాండు మీద ఫోన్ పెట్టి చేతులను వీడియో తీయడం తప్పనిసరి అంటాను. సెలైన్ చుక్కల లెక్కా అంతే: 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 15 చుక్కలు పడే సెలైన్ గొట్టం సెట్టులో నిమిషానికి 31 చుక్కలు. వాచీ చూస్తూ గొట్టం మీది చక్రాన్ని బొటనవేలితో ఎంత తిప్పాలో వీడియోలోనే తెలుస్తుంది.

ఒక్కో విడత నలభై నిమిషాలు దాటకూడదు. గొంతు బొంగురుపోతే ఆపేయండి, ఆరోజుకి అంతే.

రోగుల సంగతి చాలా జాగ్రత్తగా చూడాలి. మంచి నర్సు పేషెంటు పేరు చెప్పదు, మంచం నంబరు చెబుతుంది. అయినా వయసు మీద పడ్డాక మాటల్లో పేర్లు దొర్లుతాయి. అసలు ఫైలును తాకకుండా ఇంట్లోనే ఉంచి, చుట్టాలకు పంపే కాపీలో మాత్రం ఆ పేర్లు తీసేయాలి. ఏది ఎవరికి వినిపించవచ్చో ఆమె ఉన్నప్పుడే అడిగి, ఆ జవాబు కూడా రికార్డు చేసి పెట్టుకోండి.

ఇక లోపాలు. రికార్డ్ బటన్ ఒకసారి నొక్కితే లైటు మిణుకుమిణుకుమంటుంది, అంతే. రెండోసారి నొక్కితేనే రికార్డింగు మొదలు. కౌంటరు కదులుతోందో లేదో చూడకపోతే ఆ పూట మాటలన్నీ పోయినట్టే. స్టాప్ నొక్కకముందే బ్యాటరీ తీస్తే ఫైలు సరిగా మూతపడక తెరుచుకోదు. బ్యాటరీలు ఎక్కువసేపు తీసి ఉంచితే గడియారం మొదటికి వస్తుంది. అందుకే ప్రతిసారీ మొదట తేదీ, ఎవరు మాట్లాడుతున్నారు, ఏ విషయం అన్నది నోటితో చెప్పించాలి. లోపల మరిచిపోయిన ఆల్కలైన్ సెల్స్ కారి స్ప్రింగులు పాడుచేస్తాయి. కాలం గడిచేకొద్దీ పైనున్న రబ్బరు పూత జిగురుగా మారింది, మైకు పిన్ను వదులై వైరు కదిలితే చిటపటలాడుతోంది. పిన్ను దగ్గర వైరును మడవకుండా టేపుతో రికార్డరు ఒంటికి అంటిస్తే ఆ బాధ తగ్గుతుంది.

గంట మాటలు కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పట్టడం మామూలే. మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు మామూలు మాటలు పర్వాలేదు గానీ మందులు, పనిముట్ల పేర్ల దగ్గర తడబడతాయి. అర్థంకాని చోట ఊహించి రాయొద్దు. నిమిషం, సెకను వేసి ఖాళీ వదిలి, ఆ రోజుల్లో నర్సుగా చేసిన మరొకరికి ఆ ముక్క వరకే వినిపించండి. చాలాసార్లు వాళ్లు వినగానే చెప్పేస్తారు.