ఖాళీ దొరికితే కొత్త పంక్ (వేగంగా, గోలగా సాగే రాక్ సంగీతం) బ్యాండ్ వినాలా, పాత కాలేజీ సినిమా మళ్లీ చూడాలా?

టైమ్ లెక్క చూస్తే బ్యాండే చవక. అమెరికన్ పంక్ బ్యాండ్ రమోన్స్ 1976 తొలి ఆల్బమ్‌లో 14 పాటలున్నా అరగంట కూడా పట్టదు. అదే ‘హ్యాపీ డేస్’ (2007) మళ్లీ పెడితే దాదాపు రెండున్నర గంటలు.

కొత్త బ్యాండ్‌ని వెతకాలంటే బ్యాండ్‌క్యాంప్ అనే మ్యూజిక్ సైట్‌లో పంక్ ట్యాగ్‌తో పాటు ఊరి పేరు కొట్టండి. ఆల్బమ్ జోలికి పోకుండా ముందు నాలుగైదు పాటల ఈపీ (చిన్న ఆల్బమ్) వినండి. మొదటిసారి అంతా గోలగానే ఉంటుంది. గిటార్ డిస్టార్షన్ (కావాలని పెట్టే బరబర శబ్దం), డ్రమ్స్‌తో ఉండే సింబల్స్, గొంతు ఒకే ఫ్రీక్వెన్సీల్లో కొట్టుకుంటాయి మరి. ఫోన్ స్పీకర్‌లో బేస్ అసలు వినపడదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండోసారి వినండి. లైవ్‌కి వెళ్తే స్పీకర్ల ముందు కాదు, సౌండ్ మిక్సర్ దగ్గర నిలబడండి. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి. గచ్చిబౌలిలో షో అయితే మెట్రో రాయదుర్గం దాకానే, అక్కణ్ణుంచి ఆటోవాడితో బేరం మీ ఓపిక.

సినిమాకి ఇంత హైరానా లేదు. మాటలు చిన్నగా, పాటలు పెద్దగా వస్తుంటే టీవీ ఆడియోని 5.1 (సరౌండ్ సౌండ్) నుంచి స్టీరియోకి మార్చండి. టీవీ సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని మరీ నున్నగా చూపించే ఆప్షన్) ఆపకపోతే సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది. ఒంట్లో ఓపిక లేని రోజున మాత్రం సినిమాకే నా ఓటు.