ఎలుకల బోను గోడలు, ఆరేళ్ళు, ఒక ఉజాలా సీసా

ముందే చెప్తున్నా, మా ఇంటి గోడలంటే నాకు పిచ్చి. చదివేటప్పుడు అది కాస్త తీసేసి చదవండి. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ కన్నా ముందు గోడ చూపిస్తాడు అని మా ఆవిడ కంప్లయింట్, అబద్ధమేం కాదు.

హైదరాబాద్ శివార్లలో తుర్కయంజాల్ దగ్గర 150 గజాలు, 2018 దసరా తర్వాత మొదలుపెట్టి 2019 శ్రావణంలో పాలు పొంగించాం. కింద రెండు బెడ్రూములు, హాలు, వంటిల్లు, అంతే. పర్మిషను, లోను, బోరు, ఇసుక రేటు, వీటి గోల ఇల్లు కట్టిన ప్రతివాడి దగ్గరా ఉంటుంది కాబట్టి వదిలేస్తున్నా. నాది ర్యాట్ ట్రాప్ బాండ్ గోడ. ఇటుకని పడుకోబెట్టకుండా పక్కకి నిలబెట్టి పేరుస్తారు, గోడ మందం మామూలు తొమ్మిదంగుళాలే కానీ లోపల మూడంగుళాల బోలు ఉంటుంది, రెండు వైపులా ఇటుకలు, మధ్యలో గాలి. ఆ పేరుకి అర్థం ఎలుకల బోను అని చెప్పగానే అమ్మ "ఇల్లు కడ్తున్నవా, ఎలుకలు పడ్తున్నవారా" అంది. ఇంక మా చుట్టాల్లో మా ఇంటి పేరు బోను. "బోనుల ఉన్నరా, వస్తున్నం" అని ఫోన్ చేస్తారు ఇప్పటికీ.

ఈ పురుగు నాకు తిరువనంతపురంలో కుట్టింది. ఆఫీసు పని మీద వెళ్ళి ఉళ్ళూరులో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ క్యాంపస్ చూశా, లారీ బేకర్ కట్టింది. ఇంగ్లండ్‌లో పుట్టి మన దేశంలోనే ఉండిపోయి 2007లో ఆ ఊళ్ళోనే పోయిన మనిషి, 1990లో పద్మశ్రీ ఇచ్చారు, ఈ గోడని మన దగ్గర పాపులర్ చేసింది ఆయనే. ప్లాస్టరింగ్ లేని ఎర్ర గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డా, మధ్యాహ్నం పూట చల్లగా ఉంది, అయిపోయింది నా పని. కేరళకీ మనకీ తేడా ఉంటుందని అప్పుడు తోచలేదు. అక్కడ చాలా ఇళ్ళకి చూరు గోడ దాటి బాగా బయటికి ఉంటుంది, వాన నేరుగా గోడకి కొట్టదు. 150 గజాల్లో సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా, వదిలాక ఇంక చూరెక్కడ, కిటికీల మీద అడుగున్నర సజ్జ వేసి సరిపెట్టుకున్నాం.

మేస్త్రీది పాలమూరు. ఈ గోడ ఎప్పుడూ కట్టలేదు. నాలుగడుగుల శాంపిల్ గోడ రెండుసార్లు కట్టి విప్పి, మూడోసారి కట్టి దూరం జరిగి చూసి "గిది గోడనా గూడా సారూ" అన్నాడు. కానీ చెయ్యి తిరిగాక బ్రహ్మాండంగా కట్టాడు, అంచులు విరిగిన ఇటుకలన్నీ పక్కన పడేయించేవాడు, ఎందుకంటే బయట ప్లాస్టరింగ్ లేదు కదా, ప్రతి ఇటుకా కనపడుతుంది. మామూలు తొమ్మిదంగుళాల గోడకి మా ఇంటికి 16 వేల ఇటుకలు లెక్క వేశారు, 12 వేల చిల్లరతో అయిపోయింది, అంటే పావు వంతు మిగిలినట్టు. అప్పుడు మాకు ఇటుక 7 రూపాయలు పడింది, 4 వేల ఇటుకలకి 28 వేలు. ఈ 28 వేలు గుర్తుపెట్టుకోండి.

మొదటి ఎండాకాలం 2020, లాక్‌డౌన్. ఇంట్లోనే కూర్చుని గోడని పరీక్షించడానికి అంతకన్నా మంచి అవకాశం ఎవరికొస్తుంది చెప్పండి. పడమటి గోడకి బయట సాయంత్రం నాలుగింటికి చెయ్యి పెడితే చురుక్కుమనేది, అదే గోడకి లోపలివైపు చెంప ఆనించినా ఏం అనిపించేది కాదు. రోజూ ఇదే పని, బయటికెళ్ళి ఒకసారి, లోపలికొచ్చి ఒకసారి. మా బాబు కూడా నేర్చుకున్నాడు. ఏసీ లేకుండా ఎండాకాలం దాటేశామని ఫోన్లు చేసి మరీ చెప్పా అందరికీ. కూలర్ ఉండేది లెండి. రాత్రి తొమ్మిది దాటాక స్లాబ్ నుంచి సెగ దిగేది, దానికి గోడ ఏం చేస్తుంది.

ఇప్పుడు అసలు కథ.

2020 అక్టోబర్ 13 వాన హైదరాబాద్‌లో ఎవరూ మర్చిపోయి ఉండరు. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు, ఇంట్లోకి రాలేదు, అదే పదివేలనుకున్నాం. వారానికి పడమటి బెడ్రూంలో, కిటికీ కింది అంచు మట్టానికి ఒక తడి గీత కనపడింది. మచ్చ కాదు, గీత. స్కేలు పెట్టి గీసినట్టు రెండున్నర అడుగులు. నాన్న చూసి ఏమీ అనలేదు, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు, అది అనడం కన్నా ఎక్కువ. బయట ప్లాస్టరింగ్ చేయించమని మొదటినుంచీ పోరింది ఆయనే. సరే, వాన నీళ్ళు ఇటుకలోంచి లోపలికి దిగాయి అని తీర్మానమైంది, నేను కూడా తలూపా. నవంబర్‌లో గోడ ఆరాక బయటంతా సిలికాన్ వాటర్ రిపెల్లెంట్ కోటింగ్ వేయించా, 16 వేలు.

గీత పోలేదు. డిసెంబర్‌లో ఒక్క చినుకు లేదు, గీత నాలుగడుగులైంది. సంక్రాంతికి పుట్టీ పొక్కులు లేచి రాలడం మొదలైంది. మేస్త్రీకి ఫోన్ చేస్తే పండగ చేసుకుని వచ్చాడు, మామూలు గోడైతే కొట్టి చూస్తారు కదా, ఎక్కడ డబ్‌డబ్‌మంటే అక్కడ తేడా ఉన్నట్టు. ఈయన తాపీ పిడితో నాలుగు చోట్ల కొట్టి నా మొహం చూశాడు. "గోడంత బోలుగనే ఉండె, ఏడని కొట్టి చూడాలె సారూ?" నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు.

అప్పుడాయన చేసింది తెలివైన పని. ఈ గోడ మొత్తం బోలు కాదు, పునాది మీద, కిటికీ కింద, కిటికీ పైన వచ్చే లింటెల్ దూలం దగ్గర ఒక్కో వరస మామూలుగా గట్టిగా కడతారు. గీత ఉన్నది సరిగ్గా ఆ గట్టి వరస మీద. అక్కడ ఇటుకల మధ్య సందులో సన్న డ్రిల్లుతో ఒక చిల్లు పెట్టాడు. బిట్టు బయటికి లాగగానే నీళ్ళు. చెమ్మ కాదండీ, నీళ్ళు, చిన్న పిల్లాడు పోసినట్టు సన్నటి ధార. లోపల ఎక్కడో కారి, గట్టి వరస మీద పడి, దాని మీదే పాక్కుంటూ వచ్చి కిటికీ కింద ఆగిందన్నమాట.

ఎక్కడి నీళ్ళు? నాన్న అక్టోబర్ వాన నీళ్ళే నిలవున్నాయంటాడు. నేను కాదంటా, కానీ రుజువు లేదు. బాత్రూం అక్కడికి పదడుగుల దూరం. ప్లంబర్ వచ్చి కమోడ్ పక్కన రెండు టైల్స్ పగలగొట్టి ఏం లేదని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, "ట్యాంకిల ఉజాలా పొయ్యరాదురా" అంది.

పైన సగం నిండిన ట్యాంకులో ఒక సీసా మొత్తం పోశా. చిల్లు కింద తెల్ల ప్లాస్టిక్ మగ్గు పెట్టాం. మర్నాడు అందరం నీలం నీళ్ళతో స్నానాలు, బనియన్లు మాత్రం మెరిసిపోయాయి. మధ్యాహ్నానికి మగ్గులో రెండు వేళ్ళ మట్టం నీళ్ళు, లేత నీలం. మగ్గు తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టా. కళ్ళజోడు పెట్టుకుని చూసి "మరి 16 వేలు?" అన్నాడు.

షవర్ లైనులో ఒక జాయింట్ వదులై చుక్కచుక్కగా కారుతోంది. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. కట్టేటప్పుడు మేస్త్రీ "బాత్రూం కాడ గోడ గట్టిది కడ్తా సారూ" అని రెండుసార్లు అడిగాడు. వద్దు, మొత్తం ఇదే రావాలి అన్నది నేను. తప్పు గోడది కాదు, పైపుదీ కాదు. ఆ లైను మూసేసి, బయట నుంచి గోడ మీదుగా పైపు తెచ్చుకున్నాం, చూడ్డానికి బాగోదు, లీకైతే మాత్రం కనపడుతుంది. ప్లంబరు, టైల్స్, పుట్టీ, పెయింటు కలిపి 9 వేలు. ఇటుకల్లో మిగిలిన 28 వేల లెక్క ఇంక మీరే చూస్కోండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. మేకులు, గిట్టీలు బానే పడతాయి, ఇటుక మూడంగుళాలు ఉంది కదా. బరువున్నవాటికి మాత్రం కుదరదు, ఏసీ కుర్రాడు పొడుగు యాంకర్ బోల్ట్ దింపితే అది బోలులోకి వెళ్ళి తిరుగుతూనే ఉంది, చివరికి గోడకి ఆ పక్కా ఈ పక్కా ప్లేట్ పెట్టి బోల్ట్ బిగించాం. స్విచ్ బోర్డు జరపాలంటే మర్చిపోండి, కరెంటు పైపులు గోడతోపాటే లేవాలి. ఎలుకలు రాలేదు. కిటికీ చెక్క పక్క నుంచి చీమలు వస్తాయి, అవి ఎవరింట్లో రావు.

అవును, ఏసీ అన్నాను కదా. పెట్టించాం, ఒక్క గదిలోనే, పైన. 2022లో పైన రెండు గదులు వేశాం, అప్పటి నుంచి కింద నిజంగా చల్లగా ఉంటుంది, కూలర్ కూడా చాలా రోజులు తియ్యం. కానీ పైన గది వచ్చి కింది స్లాబుకి గొడుగు పట్టింది కదా, ఆ చల్లదనంలో గోడ వాటా ఎంత అంటే గట్టిగా చెప్పలేను. పైన కూడా ఇవే గోడలు మరి, మే నెలలో ఏసీ లేకుండా పడుకోలేం. ఇంకో సంగతి, 2023లో పడమటి ప్లాట్‌లో వాళ్ళు మూడంతస్తులు లేపారు. మూడున్నరకల్లా మా గోడ మీద వాళ్ళ నీడే. నీడ వాళ్ళది, పేరు నా గోడది. బాబు ఇప్పటికీ స్నేహితుల్ని తీసుకొచ్చి బయట చెయ్యి పెట్టించి లోపల చెయ్యి పెట్టిస్తాడు, పాపం వాళ్ళకి పెద్ద తేడా తెలీదు, నీడలో ఉన్న గోడ బయట కూడా చల్లగానే ఉంటుంది కదా.

మా బావమరిది బీరంగూడలో మొదలుపెడుతున్నాడు, కట్టమంటావా బావా అని అడుగుతున్నాడు. నాకైతే ఆ ఎర్ర గోడ రోజూ చూసుకోవడమే ఒక సుఖం, పైగా ఓపికగా విప్పి కట్టిన మేస్త్రీ దొరికాడు, రోజూ సైట్‌లో నిలబడ్డానికి నాన్న ఉన్నాడు. వాడికి రెండూ లేవు, వాడుండేది బెంగళూరులో. బాత్రూం, వంటిల్లు గట్టి గోడలు పెట్టి, బయటి గోడలు మాత్రం ఇలా కట్టుకో అన్నా. లేదా శాంపిల్ గోడ కట్టించి చూసి, తేడాగా ఉంటే మానెయ్ అని కూడా అన్నా.

ఆ డ్రిల్లు చిల్లు పూడ్చలేదు. కర్టెన్ వెనక ఉంటుంది, అగరుబత్తి పుల్ల పడుతుంది. నెలకోసారి పుల్ల దూర్చి తీసి చూస్తా. నిన్న కూడా పొడిగానే ఉంది.