బెంగళూరు క్యాంపస్‌కి ఏది మేలు: టెర్రస్ మీద సోలారా, బయట కొనే గాలి కరెంటా?

యలహంక, కనకపుర రోడ్డు వైపు యూనివర్సిటీల ఎస్టేట్ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. 2030కల్లా ఉద్గారాలు సగానికి తెస్తామని మేనేజ్‌మెంటు ప్రకటించేస్తుంది, డబ్బు మాత్రం ఏదో ఒకదానికే ఇస్తానంటుంది. ఉద్గారాల లెక్కలో స్కోప్ 1 అంటే క్యాంపస్‌లో కాల్చే ఇంధనం, స్కోప్ 2 అంటే బయట కొనే కరెంటు, స్కోప్ 3 అంటే మిగతా పరోక్ష ఉద్గారాలు. మనం నేరుగా కరెంటు దగ్గరికి వద్దాం.

ముందు టెర్రస్ ఎంత ఇవ్వగలదో చూడండి. ఒక కిలోవాట్ ప్యానెళ్లకి, మధ్యలో నడిచే దారులతో కలిపి, 10 చదరపు మీటర్లు కావాలి. బెంగళూరు ఎండకి అది ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తుంది. ట్యాంకులు, లిఫ్టు గదుల నీడ తీసేశాక 6,000 చదరపు మీటర్లు మిగిలాయనుకుందాం. అంటే 600 కిలోవాట్లు, 8.4 లక్షల యూనిట్లు. హాస్టళ్లున్న క్యాంపస్ ఏడాదికి 60 లక్షల యూనిట్లు వాడుతుంటే ఇది 14 శాతం. గ్రిడ్ యూనిట్‌కి దాదాపు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున మొత్తం 4,320 టన్నుల్లో తగ్గేది 605 టన్నులు. ఈ లెక్క చూడకుండానే "సోలార్ పెట్టేశాం, సగం అయిపోయింది" అనుకునేవాళ్లే ఎక్కువ.

హాస్టల్ టెర్రస్ మీదైతే నేను ప్యానెళ్లు పెట్టించను. 100 లీటర్ల నీళ్లు 35 డిగ్రీలు వేడెక్కాలంటే గీజర్‌కి 4 యూనిట్లు పడతాయి. రోజుకి ఆ 4 యూనిట్లు ప్యానెళ్లతో తీయాలంటే 10 చదరపు మీటర్లు కావాలి, సోలార్ వాటర్ హీటర్‌కి 2 చాలు. కాకపోతే జులై, ఆగస్టు ముసురుకి హీట్ పంపు తోడుండాలి. బోరు నీళ్ల ఉప్పు ట్యూబుల్లో పేరుకోకుండా సాఫ్ట్‌నర్ కూడా తప్పదు.

నా దృష్టిలో అసలు తేల్చేది మీరు కరెంటు ఏ వేళ వాడుతున్నారన్నదే. క్లాసులు, ల్యాబులు పగలు. హాస్టల్ లోడు పొద్దున 6 నుంచి 8, మళ్లీ సాయంత్రం 6 నుంచి అర్ధరాత్రి దాకా. పగటి సోలార్ దాన్ని అందుకోలేదు. చిత్రదుర్గ, గదగ్ వైపు గాలిమరలు రాత్రి కూడా తిరుగుతాయి. పైగా సోలార్ డీలా పడే జూన్-సెప్టెంబర్ నెలల్లోనే వాటికి మంచి ఊపు. అందుకే నా ఓటు గాలి వాటా ఎక్కువున్న హైబ్రిడ్ (గాలి, సోలార్ కలిపిన) ఓపెన్ యాక్సెస్‌కే, అంటే బయటి ప్లాంటు కరెంటుని గ్రిడ్ మీదుగా నేరుగా కొనుక్కోవడానికే. 2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు కనీస లోడుని 1 మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకి దించాయి కాబట్టి మధ్యస్థాయి కాలేజీకీ దారి ఉంది.

బోల్తా పడేది కాగితాల దగ్గర. గ్రూప్ క్యాప్టివ్ (వాడకందార్లే ప్లాంటులో వాటా తీసుకునే పద్ధతి) అయితే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి, అంటే బయట కరెంటు కొన్నందుకు పడే అదనపు ఛార్జి, ఉండదు. దానికి వాడకందార్లందరికీ కలిపి 26 శాతం వాటా ఉండాలి, ప్లాంటు కరెంటులో 51 శాతమైనా వాళ్లే వాడాలి. తప్పితే ఆ ఏడాది కరెంటంతా మామూలు కొనుగోలు కిందికొస్తుంది, సర్‌ఛార్జి నెత్తిన పడుతుంది. మే నెలలో హాస్టళ్లు ఖాళీ అని మరిచి నూరు శాతం లోడుకి ఒప్పందం రాసుకోకండి, 70 శాతం దగ్గర ఆగండి. బ్యాంకింగ్ (వాడగా మిగిలిన కరెంటుని గ్రిడ్ దగ్గర జమ వేసుకోవడం) నెలవారీ అయితే ఆ నెల మిగిలింది వచ్చే నెలకి రాదు. పదిహేను నిమిషాలకోసారి వాడకం చూపే మీటర్ డేటా ఏడాదిది చేతిలో లేకుండా డెవలపర్‌తో (ప్లాంటు కట్టే కంపెనీతో) కూర్చోవద్దు.

ఇక్కడ టెర్రస్ పక్షాన కూడా ఒక మాట. ఉద్గారాలు లెక్కగట్టే పద్ధతి చెప్పే 2015 జీహెచ్‌జీ ప్రోటోకాల్ మార్గదర్శకం స్కోప్ 2ని రెండు రకాలుగా చూపమంటుంది: గ్రిడ్ సగటుని బట్టి ఒకటి, మీ కొనుగోలు ఒప్పందాలని బట్టి (మార్కెట్ పద్ధతి) ఒకటి. బయట కొన్న గ్రీన్ పవర్ మార్కెట్ పద్ధతిలోనే తగ్గుదల చూపిస్తుంది. టెర్రస్ సోలార్ అక్కడికక్కడే వాడుకుంటే రెండింట్లోనూ తగ్గుతుంది. దాన్ని క్లాసుల బ్లాకుల మీద రెస్కో పద్ధతిలో పెట్టించండి. పెట్టుబడి ప్యానెళ్లు పెట్టే కంపెనీది, యూనిట్‌కి ఇంతని మీరు కడతారు. మీ డబ్బు క్యాప్టివ్ వాటాకి మిగులుతుంది. రెండు ఒప్పందాల్లోనూ ఆ కరెంటు తాలూకు ఆర్‌ఈసీలు (పచ్చ కరెంటు తయారైందని చూపే సర్టిఫికెట్లు) డెవలపర్ అమ్ముకోకూడదని రాయించండి. అమ్మితే ఆ పచ్చదనం కొన్నవాళ్లది, మీది కాదు.

విడిగా ఆర్‌ఈసీలు కొనడమా? ఆఖరి పది శాతానికి సరే. మొక్కలు నాటడమా? చెట్టుకి ఏడాదికి 20 కిలోలు వేసుకున్నా 4,320 టన్నులకి 2,16,000 చెట్లు. నీడ కోసం నాటండి, లెక్కలో వేయకండి.

డీజిల్ జనరేటర్ మాత్రం ఈ రెండింటికీ లొంగదు. కరెంటు పోగానే సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. జనరేటర్‌తో కలిసి నడవాలంటే ఫ్యూయల్ సేవ్ కంట్రోలర్ కావాలి, అది జనరేటర్ మీద కనీసం 30 శాతం లోడు ఉంచుతూ ప్యానెళ్లని అదుపు చేస్తుంది. దీన్ని టెండర్‌లోనే రాయించకపోతే కోత పడిన ప్రతి మధ్యాహ్నం, నెత్తిన ఎండ ఉండగానే, లీటరుకి 2.68 కిలోల చొప్పున డీజిల్ పొగ మీ స్కోప్ 1లో చేరుతూనే ఉంటుంది.