“ఇవాళ వేణ్ణీళ్లు వస్తాయా?”: బుఖారెస్ట్ హీటింగ్ సమాచారాన్ని ఏఐకి కలిపి రెండు చలికాలాలు వాడాక

ఈ జనవరిలో ఒక ఆదివారం పొద్దున, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ బాత్రూమ్‌లోంచి కేకేసింది. “ఒరేయ్ నాన్నా, వేణ్ణీళ్లు ఆగిపోయాయిరా! తలంతా కుంకుడు నురగే!”

బయట మైనస్ 8. నేను ఫోన్ తీసి ఏఐ అసిస్టెంట్‌ని తెలుగులోనే అడిగాను. కాసేపట్లో జవాబొచ్చింది: “మీ బ్లాక్‌కి వేణ్ణీళ్లు ఆగాయి. హీటింగ్ మాత్రం జాబితాలో లేదు. కారణం పైపు మరమ్మతు. సాయంత్రం 6కి వస్తాయని అంచనా. ఈ వివరాలు 8:12కి తీసుకున్నవి.” వెంటనే పప్పు గిన్నె, సాంబారు గిన్నె రెండూ స్టవ్ ఎక్కాయి. అడగకపోయినా చేసేది అదే కదా అంటారేమో. కాదండీ. సంగతి తెలియకపోతే ఇప్పుడొస్తాయి, అప్పుడొస్తాయి అనుకుంటూ తలకి తువ్వాలు చుట్టుకుని గంట కూర్చుంటాం. ఇది పెట్టుకోకముందు నేను అలా కూర్చున్నవాణ్ణే.

ఇక్కడ, అంటే రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో, చాలా ఇళ్లలో గీజర్ ఉండదు. నగరంలోని థర్మల్ ప్లాంట్లలో కాగిన నీరు భూమిలోని పెద్ద పైపుల గుండా పేటల్లో ఉండే సబ్‌స్టేషన్లకు వస్తుంది. ఆ సబ్‌స్టేషన్‌ని రొమేనియన్‌లో ‘పుంక్ట్ తెర్మిక్’ అంటారు. అక్కడ ఆ వేడి రెండు దారులు పడుతుంది: ఒకటి కుళాయి నీళ్లకి, ఇంకొకటి గదుల్ని వెచ్చబరిచేందుకు గోడకి బిగించిన ‘కలొరిఫేర్’లకి. అందుకే ఒకటి ఆగినా రెండోది నడవొచ్చు. 5 లక్షలకు పైగా ఫ్లాట్లు ఈ ఏర్పాటు మీదే ఆధారపడ్డాయి. పైపుల్లో కమ్యూనిస్టుల కాలం నాటివి ఇంకా ఉన్నాయి, చలికాలంలో అవి పగలడం మామూలే. ఎక్కడ ఏం ఆగిందో నెట్‌లో ఒక పట్టిక పెడతారు. సెక్టార్ (నగరంలోని ఒక విభాగం), సబ్‌స్టేషన్ పేరు, బ్లాకుల నంబర్లు, ఆగింది ఏది, ఎందుకు, ఎప్పటికి వస్తుంది, అన్నీ ఉంటాయి. ‘ఏసీసీ’ అంటే కుళాయిలోకి వచ్చే వేణ్ణీళ్లు, ‘ఐఎన్‌సీ’ అంటే హీటింగ్. (మనకేమో ఏసీసీ అంటే సిమెంటు. మొదటిసారి ఆ పట్టిక చూసి, ఊరంతా సిమెంటు ఆగిపోయిందేమిటా అనుకున్నాను.)

ఆ పట్టికను అసిస్టెంట్‌కి అందించే చిన్న ఎంసీపీ సర్వర్‌ని మా ఆఫీసులో ఒకతను సరదాగా రాశాడు. ఎంసీపీ అంటే ఏఐ అసిస్టెంట్ బయటి సమాచారాన్ని, టూల్స్‌ని వాడుకోవడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ విడుదల చేసిన ఓపెన్ స్టాండర్డ్. ఈ సర్వర్‌లో ఉన్నవి రెండే టూల్స్: సెక్టార్ చెబితే అక్కడ ఆగినవన్నీ ఇచ్చేది ఒకటి, బ్లాక్ చెబితే వెతికేది ఇంకొకటి. నాది 6వ సెక్టార్, ద్రుముల్ తాబెరెయ్ అనే పేట. 2025 జనవరి నుంచి వాడుతున్నాను.

మొదటి నెలలోనే ఒక రాత్రి ఇది నన్ను నిలువునా ముంచింది. కలొరిఫేర్ ముట్టుకుంటే మంచుగడ్డ. అడిగితే, “మీ బ్లాక్‌కి ఏ ఇబ్బందీ లేదు, హీటింగ్ మామూలుగానే ఉంది” అంది! దుప్పట్లో కూర్చుని కోడ్ తెరిచి చూశాను. మా బ్లాక్ పట్టికలో లేదు కాబట్టి టూల్ ఖాళీ జాబితా ఇచ్చింది. అసిస్టెంట్ ఆ ఖాళీని ‘అంతా బాగుంది’ అని చదువుకుంది. నిజానికి లోపం మా మెట్లదారి కింద బేస్‌మెంట్‌లోని వాల్వ్‌లో ఉందని మర్నాడు తెలిసింది. అలాంటిది నగరం పట్టికలోకి ఎందుకెక్కుతుంది?

మర్నాడు ఆఫీసులో అతనితో కూర్చుని టూల్ జవాబు మార్చాం. ఇప్పుడది ఖాళీ జాబితా ఇవ్వదు. “పట్టికలో లేదు, దీన్ని బట్టి వేడి వస్తోందని చెప్పలేం” అని వాక్యంగానే పంపుతుంది, పట్టిక తీసుకున్న సమయం కూడా జోడిస్తుంది. సైట్ తెరుచుకోకపోతే దానికి వేరే వాక్యం. అప్పటినుంచి అసిస్టెంట్ బుద్ధిగా, “మీ బ్లాక్ పట్టికలో లేదు, అయినా చల్లగా ఉంటే బిల్డింగ్ అడ్మినిస్ట్రేటర్‌ని అడగండి” అంటోంది. మీరు ఇలాంటిది ఏ ఊరికి కట్టుకున్నా ముందు ఈ ఒక్కటీ చూసుకోండి. మిగతా తప్పులకి చిరాకు పడతాం, ఈ తప్పుకి చలిలో పడుకుంటాం.

చిరాకు పెట్టినవీ ఉన్నాయి. మా వీధి పేరులో ఎస్ అక్షరం కింద చిన్న కామా ఉంటుంది. చూడ్డానికి దాదాపు అలాగే ఉండి, కింద కామా బదులు కొక్కెం ఉండే టర్కిష్ ఎస్ ఒకటుంది. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో రెండూ వేర్వేరు. నేను టైప్ చేసింది ఒకటి, పట్టికలో ఉన్నది ఇంకొకటి. కళ్లకి ఒకేలా ఉన్న రెండు పేర్లు ఎందుకు కలవట్లేదో తేలడానికి వారం పట్టింది. ఇప్పుడు కొక్కేలు, కామాలు అన్నీ తీసేసి పోలుస్తున్నాం. ఒకే గడిలో పది బ్లాకుల్ని కామాలతో, గీతలతో కుక్కి రాసినప్పుడు మాత్రం ఇప్పటికీ ఒక్కోసారి తడబడుతుంది.

ఇంకొకటి, ‘ఒప్రీరె’ అంటే పూర్తిగా ఆగింది, ‘దెఫిచియెంత్సా’ అంటే వస్తుంది కానీ సరిగా రాదు. అసిస్టెంట్ మొదట్లో రెండింటినీ ‘ఆగింది’ అనే చెప్పేది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసే వీలుందో లేదో చెప్పే తేడా అది, చిన్నదేం కాదు.

నాకు బాగా నచ్చింది తర్వాత కలిపిన పాత అంచనాల జ్ఞాపకం. ‘ఎప్పటికి వస్తుంది’ అన్న గడి మారినప్పుడల్లా సర్వర్ పాతదాన్ని దాచుకుంటుంది. ఇప్పుడు అడిగితే, “రేపు రాత్రి 11 అంటున్నారు, ఈ అంచనా ఇప్పటికి మూడుసార్లు వాయిదా పడింది” అంటుంది. ఆ రెండో ముక్క వినగానే నాకు లెక్క తెలిసిపోతుంది, వీకెండ్‌కి ఫ్రెండ్ ఇంటికి బ్యాగ్ సర్దేస్తాను.

అయినా మా మూడో అంతస్తు ‘దోమ్నా’ (రొమేనియన్‌లో ‘మేడమ్’ లాంటి మాట) ముందు ఇది దిగదుడుపే. ఆవిడ ఆ బిల్డింగ్‌లో నలభై ఏళ్లుగా ఉంటున్నారు. పైపులో చప్పుడు మారితే చాలు, లిఫ్ట్ దగ్గర చీటీ అంటించేస్తారు. చాలాసార్లు ఆ చీటీ పట్టిక కంటే ముందే పడింది. అమ్మకి రొమేనియన్ ముక్క రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ కుళాయి వైపు చెయ్యి చూపించి తలలు ఊపుకునేవారు, విషయం తెలిసిపోయేది. అమ్మకి నా ఫోన్ మీదకన్నా ఆవిడ మీదే గురి.

మార్కులు వేయమంటే ఐదుకి మూడున్నర. వేడి తెచ్చిపెట్టదు కాబట్టి మార్కులు తగ్గించలేదు. నెలకొకసారైనా పట్టిక రూపం మారి సర్వర్ ఆగిపోతే, సరిచేసే మనిషి పక్క సీట్లో ఉండాలి. ఆ సీటు అందరికీ ఉండదు, అందుకే తగ్గించాను.

వేసవిలో ప్లాన్డ్ రిపేర్లు మొదలవుతాయి. అప్పుడు రోజుల తరబడి వేణ్ణీళ్లు రాకపోవచ్చు. మావాడు వాటి తేదీలు ముందే చెప్పే మూడో టూల్ రాస్తున్నాడు. నేను మాత్రం మొన్న శనివారం బాత్రూమ్‌లో 50 లీటర్ల గీజర్ బిగించేశాను.