పేరెంట్స్ మీటింగుకు పిల్లలతోనా, పిల్లలు లేకుండానా?

పరీక్షల మార్కులు వచ్చిన వారమంతా మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒకటే ప్రశ్న. "అక్కా, శనివారం మీటింగుకు పిల్లలను తీసుకెళ్తున్నారా, మీరొక్కరే వెళ్తున్నారా?" లిఫ్టు కిందికి దిగేలోపు చెప్పగలిగే జవాబు కాదిది. పైగా నా జవాబు ఈ మధ్యే మారింది. మొన్న వేసవి సెలవుల దాకా నేను ఒంటరిగా వెళ్లి వచ్చే పక్షం. ఇప్పుడు ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్తున్నాను. పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి, చిన్నవాడు ఐదు.

ముందు సమయం లెక్క చూద్దాం. మా పిల్లల బడిలో మీటింగు తొమ్మిది నుంచి పన్నెండు దాకా. తరగతిలో 40 మంది. 180 నిమిషాలను 40 మందికి పంచితే ఒక్కొక్కరికి నాలుగున్నర నిమిషాలు వస్తాయి. నమస్కారాలకు, కట్టలోంచి ప్రోగ్రెస్ కార్డు వెతికి తీయడానికి, సంతకానికి ఒకటిన్నర పోతుంది. మిగిలిన మూడు నిమిషాల్లో ఆ బల్ల దగ్గర ఎవరుండాలన్నదే మన ప్రశ్న.

ఒంటరిగా వెళ్లడంలో ఉన్న సుఖాన్ని కాదనను. పిల్ల ముందు చెప్పలేని మాట టీచర్ మనతో చెబుతారు. మనమూ ఇంట్లో సంగతి ఒకటి చెప్పుకోగలం. వాడు బెంచీ ఎక్కుతున్నాడా, వరండాలో పరుగెడుతున్నాడా అని ఒక కన్ను అటు వేసి ఉంచనక్కరలేదు. నేను మూడేళ్లు అలాగే వెళ్లాను. బుద్ధిగా నోట్‌బుక్కు కూడా పట్టుకెళ్లేదాన్ని.

ఇబ్బంది మీటింగులో లేదు, మీటింగు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఉంది. బడికీ మా ఇంటికీ రెండు కిలోమీటర్లు. టీచర్ "లెక్కల్లో కాస్త నిదానం" అంటారు. స్కూటర్ స్టాండ్ వేసేసరికి అది నా తలలో "లెక్కలు రావడం లేదు" అయి కూర్చుంటుంది. సాయంత్రం మా వారికి చెప్పేటప్పుడు "అసలు చదవడం లేదట" అయిపోతుంది. ఆయన తన వంతు కలిపి చిన్నవాడికి వడ్డిస్తారు. వాడి చెవిన పడేది మూడో చేతి మాట, పైన "మీ మేడమే చెప్పారు" అనే ముద్ర. సోమవారం వాడు ఆ మేడమ్ ముఖం ఎలా చూడాలి? ఆమె అనని మాటకు ఆమె మీద అలిగి కూర్చుంటాడు. అన్న మాటకైనా జవాబు చెప్పే అవకాశం వాడికి దక్కదు, ఎందుకంటే ఆ మాట పుట్టిన చోట వాడు లేడు.

ఇలా మాటలు మోసుకొచ్చే సంగతి నాకు జూలైలో అర్థమైంది, అదీ అనుకోకుండా. అత్తగారు ఊరెళ్లారు, ఇంట్లో ఎవరూ లేరు, చిన్నవాడిని తీసుకెళ్లక తప్పలేదు. లెక్కల్లో 20కి 9 వచ్చాయి. "ఏకాగ్రత లేదండీ. నోటితో అడిగితే చెబుతాడు, పేపరు మీద ఖాళీ వదిలేస్తాడు" అన్నారు మేడమ్. నేను తల ఊపాను. ట్యూషన్ ఎక్కడ పెట్టించాలా అని అప్పుడే ఆలోచిస్తున్నాను కూడా. వాడు తన బూట్ల వైపు చూస్తూ మెల్లగా అన్నాడు: "లెక్క వస్తుంది మేడమ్. ప్రశ్న అర్థం కాలేదు."

ఆమె మంచి మనిషి. పేపరు తిప్పి మళ్లీ చూశారు. వదిలేసినవన్నీ వర్డ్ ప్రాబ్లమ్సే. ఒకదాన్ని తెలుగులో చదివారు: 144 మామిడిపండ్లను 6 పెట్టెల్లో సమానంగా సర్దితే పెట్టెకు ఎన్ని? ఇరవై నాలుగు అన్నాడు, కాగితం ముట్టకుండా. వాడికి లెక్క తెలుసు, తెలియనిది ఆ ఇంగ్లీషు వాక్యం. లెక్కల ట్యూషన్ ఆలోచన అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు రోజూ రాత్రి పది నిమిషాలు వర్డ్ ప్రాబ్లమ్స్ చదివి, ఏమి ఇచ్చారో, ఏమి అడిగారో తెలుగులో చెబుతాడు. లెక్క చేయనక్కరలేదు. అంతే. ఆ రోజు నేనొక్కదాన్నే వెళ్లి ఉంటే ఇంటికి మోసుకొచ్చేదాన్ని "ఏకాగ్రత లేదట" అన్న ఒక్క మాటే.

ఇంత చెప్పాక, ఒంటరి పక్షంలోకి నేను ఎందుకు వెళ్లానో కూడా చెప్పాలి. పెద్దమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా, అప్పటి బడిలో, వెనక పదిమంది తల్లిదండ్రులు వరుసలో నిలబడి వింటుండగా టీచర్ తనను పక్క బెంచీ అమ్మాయితో పోల్చారు. ఆపాల్సిన నేను "ఇంట్లోనూ ఇంతేనండీ" అని వంత పాడాను. అటు టీచర్, ఇటు అమ్మ, మధ్యలో అది అడకత్తెరలో పోకచెక్క. ఆ పూట అన్నం తినలేదు. ఇక పిల్లలను తీసుకెళ్లకూడదు అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే తప్పు దాన్ని తీసుకెళ్లడంలో లేదు, నా నోట్లో ఉంది. శిక్ష మాత్రం దానికి వేశాను.

అందుకే ఇప్పుడు తీసుకెళ్తున్నా, ముందు రోజు రాత్రి కొంత పని ఉంటుంది. "రేపు మేడమ్ నీ గురించి ఏమి చెబుతారనుకుంటున్నావు?" అని అడుగుతాను. చాలాసార్లు వాళ్లు చెప్పిందే టీచర్ చెబుతారు. పిల్లలకు తమ సంగతి మనకన్నా బాగా తెలుసు. తరువాత "నువ్వు అడగాలనుకున్నది ఒకటి చెప్పు" అంటాను. ఒకటే, ఎందుకంటే ఉన్నది మూడు నిమిషాలు. నా వైపు నుంచి ఒక మాట ఇస్తాను: ఆ గదిలో నీ మీద నేను ఫిర్యాదు చేయను. ఎవరితోనైనా పోలిక మొదలైతే "మా అమ్మాయి సంగతే చెప్పండి మేడమ్" అంటాను. ఇలా అంటే ఏ టీచరూ నొచ్చుకోలేదు ఇంతవరకు.

అన్నిటికీ పిల్లలను పక్కన కూర్చోబెట్టమని అనను. తోటి పిల్లలు ఏడిపిస్తున్నారని అనుమానం ఉన్నా, ఇంట్లో చావో గొడవో ఫీజు ఇబ్బందో ఉన్నా, అక్షరాలు తిరగేసి చదువుతోందేమిటని భయం ఉన్నా, అసలు ఆ టీచర్ మీదే ఫిర్యాదు ఉన్నా ఒంటరిగానే వెళ్లాలి. కానీ అటువంటి మాటలకు మీటింగు శనివారం పనికిరాదు. వెనక వరుస వింటూ ఉంటుంది. డైరీలో రెండు వాక్యాలు రాసి వేరే రోజు టైము అడిగితే పావుగంట దొరుకుతుంది. ఇలా వేరే రోజు కలవడాన్ని ఆ రెండింటికన్నా మంచి మూడో మార్గమని చాలామంది అంటారు. నాకది మొదటి రెండింటికి పోటీ కాదు, అవసరం పడినప్పుడు వాడుకునేది. రెండో తరగతి లోపు పిల్లలైతే తీసుకెళ్లినా మానినా పెద్ద తేడా లేదు. తాతయ్యను పంపడం కార్డు మీద సంతకం వరకే. వాట్సాప్ గ్రూపు హోంవర్కుకు తప్ప ఇంకెందుకూ కాదు.

ప్రభుత్వ బడుల్లో ఈ ప్రశ్నే రాదని మా పనిమనిషి అంటుంది. ఆమె పుట్టిల్లు బాపట్ల దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు, 2025 జూలై 10న మళ్లీ పెట్టారు. పిల్లలు ఎలాగూ బడిలోనే ఉంటారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగే పోటీ, అందరికీ కలిసి మధ్యాహ్న భోజనం. బడి గడప తొక్కని తండ్రిని లోపలికి రప్పించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. అయితే ఆ తిరునాళ్లలో ఒక పిల్ల గురించి నిదానంగా మాట్లాడటం కుదరదు. ఆ రోజు పరిచయం చేసుకుని, మరో రోజు వెళ్లి కూర్చోవడం మేలు. అడగడానికి మొహమాటం అక్కరలేదు. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావడం టీచర్ బాధ్యత. పిల్ల హాజరు, నేర్చుకోగల శక్తి, నేర్చుకోవడంలో ప్రగతి చెప్పాలని అందులో ఉంది. మార్కులు అన్న మాట అక్కడ లేదు. మన మూడు నిమిషాల్లో రెండు మార్కుల గురించే పోతాయి.

టెక్సాస్‌లో ఉన్న మా చెల్లెలి కొడుకైతే తన ఫైలు తానే తెరిచి, ఏది బాగా చేశాడో, ఏది రాలేదో తల్లిదండ్రులకు చూపిస్తాడట, టీచర్ పక్కన కూర్చుని వింటారట. మన 40 మంది తరగతిలో అంత కుదరదు కానీ, ఒక నోట్‌బుక్కు పిల్ల చేతే తెరిపించడానికి అర నిమిషం చాలు. పోయిన నెల పెద్దమ్మాయి సైన్సు రికార్డు అలా తెరిచింది. మాస్టారు తలెత్తి దానితోనే మాట్లాడారు, నాతో కాదు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం.

ఈ శనివారం మళ్లీ మీటింగు. చిన్నవాడి ప్రశ్న సిద్ధంగా ఉంది: తనను కిటికీ పక్క బెంచీ నుంచి మార్చవద్దని అడగాలట. కిటికీలోంచి ఏమి కనిపిస్తుందిరా అంటే, పక్క స్థలంలో బోరు వేస్తున్నారని చెప్పాడు. మేడమ్ ఏకాగ్రత గురించి అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు.