జర్మనీలో హోమ్‌స్టేకి డబ్బు కట్టేముందు ఇది చదవండి, నాలాగా మోసపోవద్దు

నిన్న రాత్రే ఆ ఇంట్లోంచి సూట్‌కేస్ పట్టుకుని బయటికొచ్చేశా, ఇంకా ఒళ్లు మండిపోతోంది, అచ్చుతప్పులుంటే ఏమనుకోకండి. ఆ ఇల్లు కుదిర్చిన ఏజెంట్ పేరు రాయట్లేదు.

లైప్‌జిగ్‌లో ఆరు నెలల జర్మన్ కోర్సు నాది, ఏ2 లెవెల్ (బేసిక్) అయిపోయి దాని పై లెవెల్ బీ1లో ఉన్నా. లోకల్ ఫ్యామిలీతో ఉంటే మాట త్వరగా వస్తుందని హోమ్‌స్టే తీసుకున్నా. రెండు నెలలకి 1,500 యూరోలు, పైన 400 డిపాజిట్, అంతా ముందే కట్టించుకున్నారు. నాన్న చీటీ పాడి పంపిన డబ్బది. రాత్రి భోజనం అంటే రెండు బ్రెడ్ ముక్కలు, చీజ్, కీరా ముక్కలు. వాళ్లూ అదే తింటారు కాబట్టి దాని మీద నాకు కోపం లేదు. తాలింపు వాసన రాకూడదన్నారు, సరే అన్నా. ఆదివారం వాషింగ్ మెషీన్ వేయొద్దన్నారు, దానికీ సరే అన్నా.

అసలు గొడవ అన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్ దగ్గరొచ్చింది. ఇంట్లో దిగిన రెండు వారాల్లో బ్యూర్గర్‌ఆమ్ట్‌లో (ఊళ్లో పౌరసేవల ఆఫీసు) రిజిస్టర్ అవ్వాలి కదా, దానికి ఇంటివాళ్లు సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ కావాలి, అంటే ఈ మనిషి మా ఇంట్లో దిగింది అని రాసిచ్చే కాగితం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఏజెంట్‌ని మూడుసార్లు అడిగా, ప్రతిసారీ "అదంతా మేం చూసుకుంటాం మేడమ్" అన్నాడు. తెల్లారితే అపాయింట్‌మెంట్ అనగా, భోజనాల దగ్గర ఫారం నింపి పెన్నుతో సహా ఇంటావిడ ముందు పెట్టా. ఆవిడ దాన్ని వేలితో బ్రెడ్ బుట్ట అవతలికి నెట్టేసి, నువ్వు గెస్ట్‌వి, అద్దెకున్నదానివి కాదు అంది. తర్వాత ఏజెంట్‌కే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. నేను వింటున్నానని వాడికి తెలీదు. "ఉంటర్‌ష్రైబెన్ జీ నిష్ట్స్" అన్నాడు. ఏమీ సంతకం పెట్టకండి అని. ఆ గొంతు అదే, నన్ను మేడమ్ మేడమ్ అన్న గొంతే. ఆవిడ నా వైపు చూస్తూనే "డీ ఫెర్‌ష్టేట్ యా నిష్ట్స్" అంది, దీనికేం అర్థం కాదులే అని. ప్రతి ముక్కా అర్థమైంది నాకు. నోట్లో బ్రెడ్ ముక్క మింగుడుపడలేదు.

ఆ కాగితం లేక రిజిస్ట్రేషన్ అవ్వలేదు, అది లేక నేను వెళ్లిన బ్యాంకులో అకౌంట్ తెరవలేదు, అకౌంట్ లేక బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకింతని మాత్రమే తీసుకోగలిగే అకౌంట్) ఉన్న నా డబ్బే నా చేతికి రావట్లేదు. 2015 నవంబర్ నుంచి సంతకం పెట్టడం ఇల్లిచ్చినవాళ్ల చట్టబద్ధమైన బాధ్యత అని, పెట్టకపోతే 1,000 యూరోల దాకా జరిమానా ఉంటుందని మా టీచర్ చెబితే గానీ తెలీలేదు. రావడానికి ముందే నేను చదువుకోవాల్సిన విషయమిది. అన్నీ ఫోన్‌లోనే నమ్మేశా, ఒక్క మెయిల్ అడగలేదు, ఆ తప్పు మాత్రం నాదే. రిఫండ్ అడిగితే నువ్వే ఖాళీ చేశావు కదా అంటున్నాడు.

అన్ని ఇళ్లూ ఇలా ఉండవు. క్లాసులో నా పక్కన కూర్చునే కొలంబియా అమ్మాయిని వాళ్లింటి పెద్దావిడ రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని జర్మన్ పదాల ముందొచ్చే డేర్, డీ, డాస్ తప్పులు దిద్దుతుంది, కాగితం మొదటి వారమే ఇచ్చేసింది.

జర్మనీలో మూడు నెలలు దాటి ఉండేవాళ్లు ఆ సంతకం పెడతామని ఇంటివాళ్ల దగ్గర్నుంచే మెయిల్ తీసుకోండి, ఏజెంట్ మాట చాలదు. డబ్బు ఏ నెలకానెలే కట్టండి.