నల్లమల అడవి మార్పులు చూడటానికి: ల్యాండ్‌శాటా, సెంటినెలా, రాడారా? ఏది మేలు?

ల్యాండ్‌శాట్, సెంటినెల్ రెండూ నేలను పైనుంచి బొమ్మ తీసే ఉపగ్రహాల వరసలు. వాటి బొమ్మల్ని మన గుంటల లెక్కలోనే చూద్దాం. సెంటినెల్-2 బొమ్మలో ఒక పిక్సెల్ (బొమ్మలోని ఒక చిన్న గడి) పక్కకు 10 మీటర్లు, అంటే దాదాపు ఒక గుంట. ల్యాండ్‌శాట్‌ది 30 మీటర్లు, తొమ్మిది గుంటలకు కాస్త తక్కువ. అమ్రాబాద్ అడవి అంచున అరెకరం చదునైతే మొదటిదాంట్లో ఇరవై పిక్సెళ్లు మారతాయి. రెండోదాంట్లో మారేవి రెండే, అవీ పక్క చెట్ల పచ్చదనంలో సగం కలిసిపోతాయి. కాబట్టి కొత్త బాటలు, చిన్న కొట్టివేతలు పట్టాలంటే సెంటినెల్-2 వాడండి. ఒక్క చిక్కుంది: 2022 జనవరి 25 తర్వాత వచ్చిన బొమ్మల్లో ఒక్కో పిక్సెల్ వెలుతురును చెప్పే అంకెకు 1000 అదనంగా కలిపి ఉంటుంది. దాన్ని తీసేయకుండా పాతవాటితో పోలిస్తే చెట్టు కదలకపోయినా పచ్చదనం పడిపోయినట్టు చూపిస్తుంది.

2015కు ముందు సంగతి కావాలంటే ల్యాండ్‌శాటే దిక్కు. 2012 బొమ్మలతో మాత్రం జాగ్రత్త. ల్యాండ్‌శాట్-5 పని 2011 నవంబరులో ఆగింది, ల్యాండ్‌శాట్-8 వచ్చింది 2013లో. మధ్యలో మిగిలిన ల్యాండ్‌శాట్-7 బొమ్మల్లో 2003 మే చివరి నుంచీ ఖాళీ చారలే.

ఏది వాడినా అసలు తప్పు జరిగేది నెల దగ్గరే. నల్లమలది ఆకురాల్చే అడవి. నవంబరు బొమ్మ పక్కన ఏప్రిల్‌ది పెడితే కొండకు కొండే నరికేసినట్టుంటుంది! ఏటా అక్టోబరు చివర నుంచి నవంబరు ఆఖరు దాకా వచ్చిన బొమ్మలే తీసుకోండి. అప్పుడు మబ్బు తక్కువ, ఆకు ఇంకా నిలిచే ఉంటుంది. అయితే ఉపగ్రహం వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. ఆ వేళ ఎండ ఆగ్నేయం నుంచి పడుతుంది కాబట్టి నిటారు వాయవ్య వాలులు నీడలో ఉంటాయి. ఎత్తుల పటంతో ఆ వాలుల్ని విడదీసి, వాటిని వాటితోనే పోల్చాలి. వేసవి మంటల మచ్చలకు వేరే పద్ధతి: మంటకు ముందూ వెనకా రెండు మూడు వారాల్లోపు బొమ్మలు కావాలి. తొలకరి పడి గడ్డి మొలిస్తే మచ్చ మాయమవుతుంది.

జులై, ఆగస్టు మబ్బుల్లో పనికొచ్చేది సెంటినెల్-1 రాడారే; అది రేడియో తరంగాలు పంపి, నేలను తాకి తిరిగొచ్చినదాన్ని అంకెగా కొలుస్తుంది. మైదానంలో బాగానే ఉంటుంది కానీ కృష్ణ లోయ అంచుల్లో దాన్ని నమ్మలేం. రాడార్ చూసేది పక్కవాటుగా కాబట్టి, దానికి ఎదురున్న వాలు కుదించుకుపోతుంది, వెనక వాలు నల్లగా మిగులుతుంది. ఉపగ్రహం ఒకే దారిలో (కక్ష్యలో) వెళ్తూ తీసిన బొమ్మలనే పోల్చినా, ముందు రోజు వాన పడితే తడి నేల ఆ అంకెను పెంచేస్తుంది.

లాంటానా అనే కలుపు పొద కమ్మేసిన చోట సెంటినెల్-2, ల్యాండ్‌శాట్ రెండూ మోసపోతాయి. పెద్ద చెట్లు పోయినా పొద పచ్చగానే ఉంటుంది. అనుమానమున్న పిక్సెళ్ల అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో వేసుకుని, అనుమతితో నడిచి చూసి రావాల్సిందే.